గుహాయాత్రలు - చెప్పవలసిన కథలు

యాత్ర చేసివచ్చినవాడు ఇంటికి చేరిన వెంటనే చేయు మొదటి పని కాళ్ళు కడుగుకొనుట; రెండవది తాను చూచినదానిని చెప్పుట. కాశికి పోయివచ్చినను, పొరుగూరి తిరునాళ్ళకు పోయివచ్చినను, అరుగుమీద కూర్చుండి నలుగురికి చెప్పినగాని యాత్ర ముగిసినట్లు తోచదు. ఇది లోకమందంతటను ఉన్న స్వభావమే. అయితే ఒక తెగ యాత్రికులకు ఈ చెప్పుట వట్టి ముచ్చట కాదు, విధి. వారే నేలక్రింది గుహలలో దిగి తిరుగు గుహాన్వేషకులు. వీరు తమ యాత్రల కథలను ఒకరికొకరు ఎట్లు చెప్పుకొందురో, ఏల చెప్పుకొందురో, అందువలన ఎవరికేమి మేలు కలిగెనో ఈ వ్యాసమున మా విద్యార్థులకు వివరింప దలచితిమి. తుదను మా స్వంత తప్పిద మొకదానిని కూడ చెప్పుకొనవలసియున్నది.

ముందుగా గుహ యనగా నేమో తెలిసికొందము. వర్షపునీరు ఆకాశమునుండి పడునపుడును, నేలలో ఇంకునపుడును బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పులుపెక్కును. ఈ నీరు సున్నపురాతి పగుళ్ళలో దిగి, వేలకొలది, లక్షలకొలది సంవత్సరములు రాతిని కరగించుచు పోవును. పగులు సందగును, సందు సొరంగమగును, సొరంగము కొన్ని చోట్ల సభామండపమంత విశాలమగును. తరువాత ఆ నీరే పైకప్పునుండి బొట్టుబొట్టుగ రాలుచు, కరగిన సున్నమును మరల విడిచి, ఊడలవంటి స్తంభములను దింపును. ఇట్లు పుట్టిన గుహలకు ఆకారనియమము లేదు. ఒకచోట మనుష్యుడు నిలువున నడువవచ్చును. పది బారలు పోవునప్పటికి ప్రాకవలెను. ఇంకొకచోట ఊపిరి విడిచి రొమ్ము తగ్గించుకొనినగాని దూఱ వీలుకాదు. ఒకచోట నూఱడుగుల అగాధము, మఱియొకచోట మెడలోతు నీరు. వెలుతురు మాత్రము ఎచ్చటను లేదు. అమావాస్యనాటి రాత్రికూడ నక్షత్రములుండును. గుహలో దీపమార్పినయెడల తన చేయి తన కంటికెదుట నున్నను కనబడదు.

ఇట్టి చోట్లకు పోవువారిలో పలువురు దీనిని వృత్తిగా గాక, కేవలము అభిరుచిచేత చేయువారు. వారమంతయు బ్యాంకులోనో, బడిలోనో, కర్మాగారములోనో పనిచేసి, సెలవు దొరకినపుడు మోకులు, దీపములు, శిరస్త్రాణములు మూటగట్టుకొని బయలుదేరుదురు. ఒక్కొక్కరికి మూడేసి దీపములుండవలెనని వారి నియమము. ఒకటి ఆఱినను, రెండవది పగిలినను మూడవది త్రోవ చూపును. జట్టునకు నలుగురుండుట మేలందురు. ఒకనికి గాయమైనయెడల ఒకడు వానికడ కూర్చుండును. తక్కిన ఇద్దరు జతగా బయటికి పోయి సహాయము తెత్తురు.

ఇక వీరికి కథ చెప్పుట విధియని ఏల యంటిమో చెప్పెదము. పర్వతమెక్కువానిని క్రిందివారు చూడగలరు. ఎక్కకమునుపే శిఖరము కనబడుచునే యుండును. సముద్రముమీద పోవువానికి నక్షత్రములున్నవి. గుహ అట్టిది కాదు. దాని యంతము ఎచ్చటనో పైనున్నవాడు ఎఱుగడు. విమానమునుండి చూచినను, పొలమును, పొదలును తప్ప మఱేమియు కనబడదు. కావున గుహను గుఱించి లోకమునకు తెలియునదెల్ల లోపలికి పోయి తిరిగివచ్చినవాని నోటినుండియో, కలమునుండియో రావలెను. వాడు చెప్పనియెడల అతని వెనుక పోవువానికి ఆ గుహ మరల మొదటి దినమున నున్నంత చీకటియే.

ఈ కథనము రెండు తడవలు జరుగును: పోవుటకు మునుపొకసారి, వచ్చిన తరువాత నొకసారి. పోవుటకుమునుపు చెప్పవలసినది మిక్కిలి చిన్నది: ఏ గుహకు పోవుచున్నాము, ఎందరము, ఎన్నిగంటలకు తిరిగివత్తుము, ఆ వేళ దాటినయెడల ఎవరికి కబురు చేయవలెను. ఈ నాలుగు మాటలను పైనుండు ఒక నమ్మకస్తునితో చెప్పి పోవుదురు. తిరిగివచ్చిన వెంటనే, ఎంత అలసినను, వానికి తెలియజేసిన తరువాతనే భోజనము.

ఒంటరిగ పోవుటవలన కలుగు కీడునకు ఫ్లాయిడ్ కాలిన్సు కథ గొప్ప యుదాహరణము. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున అతడు పేరుపొందిన గుహాన్వేషకుడు. 1917వ సంవత్సరమున తన కుటుంబపు పొలమున ఒక అందమైన గుహను కనుగొనెను. 1925వ సంవత్సరము జనవరి 30వ తేదీన ఇసుకగుహ యని పిలువబడు నొక ఇఱుకైన బిలమున ఒంటరిగ దిగెను. తిరిగి వచ్చునపుడు దీపము క్షీణింపగా తొందరపడి ప్రాకుచుండ, ఒక రాయి జాఱి అతని పాదమును బంధించెను. ఆ రాయి బరువు సుమారు 12 కిలోగ్రాములే. పైన వెలుతురులో నుండెనేని ఒక బాలుడు త్రోసివేయగలడు. అతడెచ్చట దిగెనో పొరుగువారెఱుగుదురు గావున మఱునాడు వెదకుచు వచ్చి కనుగొనిరి. కాని తోడెవ్వరును లేకుండుటచే ఆ రాత్రియంతయు అతడు చలిలో, బురదలో ఒక్కడే యుండవలసివచ్చెను. మిల్లరు అను నొక యువ విలేఖరి, సన్ననివాడగుటచే, పలుమాఱులు లోపలికి ప్రాకి అతనికి ఆహారమిచ్చి, అతని మాటలను పత్రికకు వ్రాసెను. ఆ వ్రాతకు 1926లో పులిట్జరు బహుమానము వచ్చెను. ఇంతలో త్రోవ కూలిపోయెను. ప్రక్కనుండి బావి త్రవ్వి ఫిబ్రవరి 16వ తేదీన చేరునప్పటికి అతడు మృతుడై యుండెను. ఆనాటినుండి గుహాన్వేషకులు క్రొత్తవారికి చెప్పు మొదటి కథ ఇదియే. ఇది భయపెట్టుటకు గాదు. ఒక్కడు పోరాదను నియమము ఎంత ధరపెట్టి కొనబడినదో తెలుపుటకు.

ఇక వచ్చిన తరువాత చెప్పు కథ. గుహాన్వేషకుల సంఘములలో ఒక పుస్తకముండును. తిరిగివచ్చినవారు బట్టలకు బురద ఆఱకమునుపే అందులో ఆనాటి విషయమును వ్రాయుదురు. ఎన్ని మోకులు పట్టెను, ఏ కొనకు కట్టితిమి, ఏ రాయి కదలుచున్నది, నీరెంత లోతున్నది, ఎచ్చటనుండి వెనుదిరిగితిమి, ఏల వెనుదిరిగితిమి - ఇవియన్నియు నుండవలెను. వీనితోకూడ కొలతలుండును. దిక్సూచి, కొలత టేపు, వాలుకొలత యంత్రము తీసికొని, ఒక గుఱుతునుండి మఱియొక గుఱుతువఱకు దూరమును, దిశను, ఎత్తుపల్లములను వ్రాసికొనుచు పోయి, ఇంటికడ లెక్కగట్టి పటము గీయుదురు. మన తరగతిలో త్రికోణమితి ఎందులకని విసుగుకొను విద్యార్థులు ఈ పటములను చూడవలెను. చూపానని చోట మనుష్యుని నడిపించునది ఆ లెక్కయే.

ఈ పద్ధతికి దారి చూపినవారిలో ఫ్రాన్సు దేశస్థుడగు ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ మార్టెల్ ముఖ్యుడు. ఆయన 1859లో పుట్టి 1938లో మరణించెను. వృత్తిచేత న్యాయవాది, గుహలన్న ప్రాణము. 1888లో బ్రమాబియో అనుచోట నేలలో మునిగిన యేటివెంబడి ఒక ప్రక్క ప్రవేశించి మఱియొక ప్రక్క వెలువడెను. 1889లో పదిరాక్ అను మహాబిలమున దిగెను. 1895లో ఇంగ్లండునకు పోయి, యార్కుషైరులోని గేపింగ్ గిల్ అను అగాధములోనికి, ఒక సెలయేరు తనమీద పడుచుండగా, త్రాటినిచ్చెనతో సుమారు 100 మీటర్లు దిగి, అడుగునుండి టెలిఫోనుతో పైవారితో మాటలాడెను. యార్కుషైరువారే ఆ బిలమున దిగవలెనని యత్నించుచుండిరి; పరదేశి ముందుగ దిగెనని వారు చిన్నబుచ్చుకొనక, అతని కథను చదివి మరుసటి సంవత్సరము తామును దిగిరి. నేడు ఏటేట రెండుమాఱులు అచ్చటి సంఘములవారు యంత్రపుకుర్చీ అమర్చి సామాన్యులనుకూడ ఆ లోతునకు దింపి చూపుచున్నారు.

మార్టెల్ చెప్పిన కథలలో ఒకటి దేశమునకే ఉపకారమయ్యెను. ఒక తడవ ఆయన గుహలో తిరిగి దప్పిగొని, సమీపమున ఊరుచున్న ఊటనీరు త్రాగి జబ్బుపడెను. కారణము వెదుకగా, ఎగువనున్న బిలములో పశువు కళేబరము పడియుండెను. ఆ నీరే రాతి సందులవెంట వచ్చి ఊటగ వెలువడుచుండెను. ఇసుకలో ఇంకిన నీరు వడగట్టబడును; సున్నపురాతి సొరంగములలో పాఱు నీరు వడగట్టబడదు. ఈ సంగతిని ఆయన మఱల మఱల చెప్పుచు, వ్రాయుచు వచ్చెను. తుదకు 1902వ సంవత్సరమున చచ్చిన పశువులను బిలములలో పాఱవేయరాదని ఫ్రాన్సు దేశమున శాసనమయ్యెను. తనకు జబ్బుచేసిన సంగతిని సిగ్గుపడి దాచియుండినయెడల ఎన్ని పల్లెలు ఆ నీరు త్రాగుచుండెడివో!

కథ చెప్పుటకు పుస్తకమే కావలెనని లేదు. ఒక్కొక్కప్పుడు ఒక గీత చాలును. కెంటకీలో మామత్ గుహ యను నొక మహాగుహ గలదు. దాని ప్రక్కనే ఫ్లింట్ కొండక్రింద మఱియొక గుహల వరుస యున్నది. ఈ రెండును లోపల కలియునా యని గుహాన్వేషకులు పెక్కేండ్లు వెదకిరి. 1972వ సంవత్సరము వేసవిలో పాట్రీషియా క్రౌథరు అను సన్నని యువతి, ఒక ఇఱుకుసందున దూఱి క్రొత్త మార్గమును కనుగొనెను. ఆ మార్గమువెంట పోగా గోడమీద 'పీట్ హెచ్' అను అక్షరములును, ఒక బాణపు గుఱుతును కనబడెను. 1930 ప్రాంతములలో మామత్ గుహవైపునుండి తిరిగిన పీట్ హాన్సన్ అనువాడు వానిని గీసెనని వారు గ్రహించిరి. అతడప్పటికి జీవించియుండలేదు. కాని అతని బాణము తాను వచ్చిన త్రోవను చూపుచునే యుండెను. ఆ గుఱుతును నమ్మి, 1972 సెప్టెంబరు 9వ తేదీన ఆఱుగురు ఆ త్రోవవెంట, తుదకు చలినీటిలో నడచి, మామత్ గుహలో యాత్రికులకొఱకు కట్టిన ఇనుపకమ్మీని చూచిరి. రెండు గుహలు ఒక్కటయ్యెను. నేడు అది కొలతకు వచ్చిన గుహలలోకెల్ల పొడవైనది. 680 కిలోమీటర్లకు మించి పటమునకెక్కినది. ఏనాడో పోయిన మనుష్యుడు ఒక గీతచే కథ చెప్పెను. అక్షరము తెలిసినవారు దానిని చదివిరి.

ఇంకొక కథ విద్యార్థులకును, ఉపాధ్యాయులకును ప్రత్యేకముగ చెందునది. 1940వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన ఫ్రాన్సులోని మాంటిన్యాక్ అను చిన్న పట్టణమున నలుగురు కుఱ్ఱవాండ్రు ఒక కొండమీది గోతిని పెద్దదిచేసి లోనికి జాఱిరి. వారిలో పెద్దవాడు మార్సెల్ రవిదా, మోటారు మరమ్మతు పని నేర్చుకొనుచున్నవాడు. దీపపు వెలుతురున గోడలమీద ఎద్దులు, గుఱ్ఱములు, లేళ్ళు రంగులతో కనబడెను. అవి సుమారు 17,000 సంవత్సరముల క్రిందటివి. ఆ గుహ పేరు లాస్కో. మొదట ఎవ్వరికి చెప్పరాదని బాలురు ఒట్టు పెట్టుకొనిరి. తరువాత ఇది తమకు మించినదని గ్రహించి, లెయాన్ లవాల్ అను విశ్రాంత ఉపాధ్యాయునితో చెప్పిరి. ఆయన వారిని గద్దింపక, వెంటపోయి చూచెను. ఆయనద్వారా వార్త తెలిసి, కొలది దినములలో ప్రాచీన చిత్రములయందు పండితుడగు అబ్బే బ్రూయి వచ్చి నిజమని ధ్రువపఱచెను. బాలురు ద్వారమున గుడారము వేసికొని ఎవ్వరును చిత్రములను ముట్టకుండ కావలి కాచిరి. పిల్లలు వచ్చి ఏదియో వింత చెప్పినపుడు 'అల్లరి కట్టిపెట్టు' మని త్రోసివేయు అలవాటు మనలో తఱుచు. లవాల్ అట్లు చేసియుండినయెడల ఏమగునో తలిదండ్రులును, మేమును ఆలోచించుకొనవలెను.

అయితే ఈ కథకు రెండవ భాగమున్నది. 1948లో ఆ గుహను ప్రజలకు తెఱచిరి. దినమునకు వేయిమందికి పైగ రాజొచ్చిరి. వారి ఊపిరితో గాలి మాఱెను. గోడలమీద పచ్చని పాచి పుట్టెను. వేల యేండ్లు చీకటిలో చెడనిది పదునైదేండ్లలో చెడనారంభించెను. 1963లో ప్రభుత్వము గుహను మూసివేసెను. ఇప్పుడు యాత్రికులకు దాని ప్రతిరూపమును మాత్రము చూపుచున్నారు. అందుచేత గుహాన్వేషకులు కథ చెప్పుటలో నొక మర్యాద పాటింతురు. చూచినదానిని చెప్పుదురు, సున్నితమైన గుహకు ద్వారమెచ్చటనో మాత్రము అందఱికిని చాటరు. చేతిచెమట తగిలినచోట ఊడవంటి రాయి పెరుగుట ఆగవచ్చును. విఱిగినది మన మనుమల కాలమునకుకూడ మఱల పెరుగదు. చెప్పవలసినదానిని చెప్పుట ఎంత విధియో, చెప్పరానిదానిని కాచుట అంత విధి.

ఇదియంతయు దూరదేశముల సంగతియని మన విద్యార్థులనుకొనరాదు. కర్నూలు ప్రాంతపు సున్నపురాతి నేలయందు బేతంచెర్లకు సమీపమున బిల్లసర్గము గుహలున్నవి. మద్రాసు సైన్యమునకు చెందిన న్యూబోల్డు అను కెప్టెన్ వానిని చూచి, అందు ప్రాచీన జంతువుల యెముకలున్నవని 1844లో ప్రకటించెను. వ్రాసిన వ్రాత కాగితములలో నిదురించుచుండెను. సుమారు నలుబదియేండ్ల తరువాత ఆ వ్రాత కారణముగనే భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్టు బ్రూస్ ఫూటును పంపిరి. ఆయనయు, ఆయన కుమారుడును 1884, 1885 సంవత్సరములలో అచ్చట త్రవ్వించి విశేషముగ ఎముకలను వెలికిదీసిరి. కొలిమిగుండ్లకు సమీపమున నున్న బెలుము గుహనుకూడ 1884లో ఫూటు పేర్కొనెను. తరువాత దాదాపు నూఱేండ్లకు, 1982, 1983 సంవత్సరములలో, దానియేల్ గెబావరు అను జర్మను గుహాన్వేషకుడు తన జట్టుతో వచ్చి, గ్రామస్థుల సహాయముతో లోపలికంట దిగి కొలిచి పటము గీసెను. నేడు 3,229 మీటర్లు కొలతకెక్కియున్నది. అందు సుమారు సగము యాత్రికులు చూడవచ్చును. ఒకప్పుడు ఆ బిలమున చెత్త పాఱవేయుచుండిరి. పటము పుట్టిన తరువాత దానికి గౌరవము పుట్టెను. 2002లో ప్రజలకు తెఱచిరి.

మన బొఱ్ఱా గుహల కథ మఱియొక పాఠము చెప్పును. మేయుచున్న ఆవు ఒకటి పైకప్పునగల రంధ్రమునుండి పడెననియు, కాపరి దానిని వెదకుచు పోయి గుహను చూచెననియు అచ్చటివారు చెప్పుదురు. ఇది మనోహరమైన కథ. కథగానే చెప్పబడుచున్నది గావున హానిలేదు. కాని యాత్రికుల పుస్తకములలో మఱియొక మాట కానవచ్చును: భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ జార్జి అను దొర 1807లో ఈ గుహలను కనుగొనెనని. ఆ శాఖ స్థాపింపబడినది 1851లో! పుట్టని శాఖకు ఉద్యోగి ఎట్లుండును? ఒకరు వ్రాసినదానిని మఱియొకరు చూచి వ్రాయుటచే తప్పు నిలిచిపోయినది. ఆవు కథ చెప్పిన పల్లెవాడు మనల మోసగింపలేదు. లెక్క చూడక సంవత్సరము వేసిన చదువరియే మోసగించెను. కావున విన్నది విన్నట్లును, కన్నది కన్నట్లును వేఱుగ చెప్పుట మంచి కథకుని మొదటి గుణము.

ఈశాన్యమున మేఘాలయమందు గుహను ఖాసీ భాషలో 'క్రెమ్' అందురు. అచ్చట 1992నుండి షిల్లాంగులోని సాహసికుల సంఘమువారును, ఇంగ్లండు మొదలగు దేశములనుండి వచ్చు అభిరుచిగల గుహాన్వేషకులును కలిసి ఏటేట పనిచేసి వందలకొలది కిలోమీటర్ల గుహలను పటమునకెక్కించిరి. క్రెమ్ లియాట్ ప్రా 30 కిలోమీటర్లకు మించి పొడవున్నది. క్రెమ్ పురి యను ఇసుకరాతి గుహ 2018లో 24 కిలోమీటర్లకు మించి కొలవబడి, ఆ జాతి గుహలలో లోకమునకెల్ల పొడవైనదిగ పేరుపొందెను. పగలంతయు కొలుచుట, రాత్రి నెగడుచుట్టు కూర్చుండి ఆ కొలతలను పటముగ మార్చుట, ఒక జట్టు ఆగిన చోటును రేపటి జట్టునకు చెప్పుట - ఇదియే వారి దినచర్య.

ఇట్టి ముచ్చటలు ప్రాణములను నిలుపునా యని యెవరైన అడిగినయెడల, 2018లో థాయిలాండు దేశమున జరిగినదానిని చూపుదుము. జూను 23వ తేదీన కాలిబంతి ఆడు పండ్రెండుగురు బాలురును, వారి సహాయ శిక్షకుడును థామ్ లువాంగ్ గుహలోనికి పోయిరి. వాన వచ్చి నీరు నిండి త్రోవ మూసికొనిపోయెను. చీకటిపడినను పిల్లలు రాకపోగా పెద్ద శిక్షకుడు విచారించెను. ఆనాడు గుహకు పోని జట్టువాడొక బాలుడు వారెచ్చటికి పోయిరో చెప్పెను. ద్వారమువద్ద సైకిళ్ళు కనబడెను. ఆ బాలుని ఒక్క మాటయే మొదటి మేలు. రెండవ మేలు వెర్నన్ అన్స్‌వర్తు అను ఆంగ్లేయునిది. ఆయన ఆ సమీపమున నివసించుచు, అభిరుచిచేత ఆ గుహలో పెక్కేండ్లు తిరిగి, దాని మలుపులను ఎఱిగినవాడు. బాలురు ఏ వైపున నుండవచ్చునో చెప్పి, గుహనీటిలో మునిగి పోవుటయందు నేర్పరులగు స్వదేశీయులను పిలువవలెనని ఆయనయే సూచించెను. వచ్చినవారిలో రిచర్డ్ స్టాంటన్ అగ్నిమాపకదళమునుండి విశ్రాంతి పొందినవాడు. జాన్ వొలాంథెన్ కంప్యూటరు పని చేయువాడు. గుహలలో దిగుట ఇద్దరికిని సెలవునాటి వినోదమే. వీరు జులై 2వ తేదీన ద్వారమునుండి సుమారు 4 కిలోమీటర్ల దూరమున పదుమువ్వురును సజీవులై యుండుట కనుగొనిరి. జులై 8నుండి 10వఱకు అందఱిని వెలికి తెచ్చిరి. సమన్ కునన్ అను థాయి నావికాదళపు పూర్వసైనికుడు గాలిడబ్బాలను చేర్చివచ్చుచు జులై 6న ప్రాణము విడిచెను. అతనిని మఱచి ఈ కథను చెప్పరాదు.

ఇక మా సంగతి. కొన్నియేండ్లక్రిందట మేము నలుబదియిద్దరు బాలురను వెంటబెట్టుకొని ఒక గుహను చూడబోతిమి. లోపలికి పోవునపుడు తలలు లెక్కించితిమి, బయటికి వచ్చిన తరువాత మఱల లెక్కించితిమి, నలుబదిరెండే యుండెను. పావుగంట గడచిన తరువాత ఎనిమిదవ తరగతి బాలుడొకడు మెల్లగ వచ్చి, "మాస్టారండీ, మా బల్లవాడు కనబడుట లేదండీ" యనెను. చూడగా మా లెక్కలో వేఱొక బడి పిల్లవాడొకడు చేరియుండెను. మా కాళ్ళలో సత్తువ పోయెను. లోనికి పరుగెత్తగా, ఒక ప్రక్కసందుకడ ఆ బాలుడు గోడకానుకొని కూర్చుండియుండెను. చెప్పుల వారు బిగించుకొనుటకు ఆగి వెనుకబడెనట. "త్రోవ తప్పినవాడు కదలక కూర్చుండవలెనని మీరే కథ చెప్పితిరి గదండీ" యని మమ్ము చూచి చెప్పెను. వాని గొంతు వణకుచుండెను. మా గొంతు అంతకంటె ఎక్కువ వణకెను.

ఆ సంవత్సరము మా యాత్రావ్యాసమున రాళ్ళ సొగసును వ్రాసితిమి. దీపముల కాంతిని వ్రాసితిమి. ఈ పావుగంటను వ్రాయలేదు. తలిదండ్రులు చదువుదురని సంకోచించితిమి. మరుసటి సంవత్సరము మా సహోపాధ్యాయుడొకరు ఆ వ్యాసమునే చదువుకొని, బాలికల తరగతిని అచ్చటికే కొనిపోయి, మావలెనే తలలు లెక్కించిరి. ఇద్దరు బాలికలు వెనుకబడి, ఆయన గమనించునప్పటికి దాదాపు గంట యయ్యెను. వారు క్షేమముగ దొరకిరి. కాని ఒక పిల్ల చాలదినములు దీపమార్పి నిదురపోలేకపోయెను. ఆయన మమ్ము చూచి, "ఇట్లగునని మీకు ముందే తెలియునా?" యని మాత్రము అడిగిరి. మాకు ఉత్తరము తోచలేదు. ఇన్నాళ్ళకు ఆ వ్యాసమున విడిచిన మాటను ఈ పత్రికలోనే వ్రాయుచున్నాము. తలలు లెక్కింపరాదు, పేరుపేరున పిలువవలెను. ప్రతివానికి ఒక జతగాని నేర్పఱచి, వాని బాధ్యత వీనికిని, వీని బాధ్యత వానికిని అప్పగింపవలెను. మా బడి యాత్రలకు ఇప్పుడిదియే నియమము.

కావున, విద్యార్థులారా, మీరు గుహకే పోవలెనని లేదు. కొండకో, కోటకో, యేటికో పోయి వచ్చినపుడు మీ కథను నలుగురికి చెప్పుడు. పోవుటకుమునుపు ఇంటిలో చెప్పి పొండు. వచ్చిన దినముననే వ్రాయుడు. మఱునాటికి కొంత మఱపు, కొంత అలంకారము చేరును. చూచినదానిని, విన్నదానిని, ఊహించినదానిని మూడుగ విడదీయుడు. ఎంతదూరము పోయితిమని గొప్పకు వ్రాయకుడు. ఎచ్చట ఆగితిమో, ఏల ఆగితిమో తప్పక వ్రాయుడు, ఏలనగా మీ తరువాత వచ్చువానికి పనికివచ్చు మాట అదియే. భయపడితిమని వ్రాయుటకు సిగ్గుపడకుడు. తప్పు చేసినయెడల దానిని అందఱికంటె ముందు వ్రాయుడు. తలిదండ్రులకు మా మనవి: పిల్లలు చెప్పవచ్చినపుడు పనిని ఒక్క నిమిషము ఆపి వినుడు. గద్దించినయెడల వారు రెండవ తడవ చెప్పరు. చెప్పనిదానిని మనము వెదకి కనుగొనలేము.

ఈ యేడు యాత్రకు పోవు తరగతులవారు తమ వ్యాసములను మాకు ఇచ్చునపుడు చివర రెండు పంక్తులు ఖాళీ విడువక, 'మాకు జరిగిన పొరపాటు' అను శీర్షికక్రింద నింపియిచ్చుట మంచిది. ఆ పంక్తులను మేము మొదట చదువుదుము.